ఊతకోలను సగం దారిలో లాక్కోకండి
పూండి నుంచి ఒక బహిరంగ లేఖ

చెన్నైలోను, ఆ చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లోను ఉన్న కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) కమిటీ సభ్యులకు, వాటి తరఫున గ్రాంట్లు మంజూరు చేసే ఫౌండేషన్ల అధికారులకు

గౌరవనీయులైన అయ్యలారా, అమ్మలారా,



పోయిన నెలలో మా సాయంత్రం బడికి ఒక ఉత్తరం వచ్చింది. మీలో ఒకరు రాసిందే. ఎవరన్నది ఇక్కడ చెప్పను. ఏడేళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు అందుకుంటున్నాను. పైన కంపెనీ గుర్తు మారుతుంది, కింద సంతకం మారుతుంది, మధ్యలో మాట మాత్రం మారదు. అందుకే జవాబు మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మేమడిగింది చిన్న సాయం. తిరువళ్లూరు జిల్లాలో పూండి జలాశయం చుట్టుపట్ల ఇటుక బట్టీల్లో, తోటల్లో కూలికి పోయే కుటుంబాల పిల్లలు 40 మంది దాకా మా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది ఇరుళర్ తెగ పిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లో పుస్తకం పట్టిన మొదటి తరం వాళ్ళదే. పగలు సర్కారు బడికి పోతారు, సాయంత్రం ఆరింటికి మా దగ్గర చేరతారు. ఈ ఊళ్ళోనే పుట్టి డిగ్రీ దాకా చదివిన ఇద్దరమ్మాయిలు వాళ్ళను కూర్చోబెట్టి చదివిస్తారు. బట్టీ సీజను మొదలయ్యాక ఒక పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే, బట్టీ దాకా నడిచి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడి వెంటబెట్టుకుని వచ్చేదీ ఆ ఇద్దరే. వాళ్ళ జీతం మూడేళ్ళపాటు ఇవ్వమని దరఖాస్తు పెట్టుకున్నాం.

జవాబులో మూడు మాటలున్నాయి. జీతాలకు డబ్బు ఇవ్వడం కంపెనీ విధానం కాదట. లబ్ధిదారులు 500 మందికి తగ్గితే ఆ పనిని పరిశీలించరట. ఒక్క ఆర్థిక సంవత్సరంలో ముగిసేవాటికే మంజూరు చేస్తారట. చివర్లో ఒక సలహా కూడా ఉంది: స్మార్ట్ బోర్డు కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చని.

ఆ బోర్డు ముందు నిలబడి చదువు చెప్పేదెవరు? బట్టీ దాకా నడిచి వెళ్ళేదెవరు? మీ దరఖాస్తు ఫారమంతా వెతికాను. ఈ ప్రశ్నలకు అందులో గడి లేదు.

ముందు, మీ చేతిలో ఉన్న డబ్బు సంగతి మాట్లాడుకుందాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టి తీరాలి. ఒక్క 2022-23లోనే దేశం మొత్తం మీద ఈ పద్దు కింద దాదాపు 30 వేల కోట్ల రూపాయలు ఖర్చయింది. ఇది మీరు చేసే దానం కాదు, చట్టం మీకు అప్పగించిన బాధ్యత. దానం చేసేవాడు తనకు నచ్చిన చోట చేయవచ్చు. బాధ్యత మోసేవాడు, అవసరం ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. మరి మీరు మా వైపు ఎన్నిసార్లు వచ్చారు?

అదే సెక్షను ఇంకో మాట చెబుతుంది. కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి, దాని చుట్టుపట్లకు ప్రాధాన్యం ఇవ్వాలని. ఆ స్థానిక ప్రాంతం ఎక్కడితో ఆగిపోతుందని మీరు అనుకుంటున్నారు? ఫ్యాక్టరీ ప్రహరీ గోడ దగ్గరా? పొద్దున కారులో బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగినంత దూరంలోనా?

నేను దాన్ని నీళ్ళతో కొలుస్తాను. కొసస్థలై ఏటికి అడ్డంగా ఈ జలాశయం కట్టింది 1944లో, మద్రాసు దాహం తీర్చడానికి. ఆ నగరానికి మేయరుగా ఉండి దీనికోసం పాటుపడ్డ సత్యమూర్తి పేరే దీనికి పెట్టారు. ఇక్కడి నుంచి కాలువల్లో నీళ్ళు పుళల్, చెంబరంబాక్కం జలాశయాలకు పోతాయి. నగరానికి కృష్ణ నీళ్ళు తెచ్చే తెలుగుగంగ ఒప్పందం 1983లో కుదిరింది. ఆంధ్రలోని కండలేరు నుంచి బయల్దేరిన ఆ నీళ్ళు 1996లో ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి వచ్చి చేరింది ఈ పూండిలోనే. నేలమీది నీళ్ళు చాలనప్పుడు నగరం మా భూమి లోపలికి కూడా చేయి చాచింది. పూండి, తామరైపాక్కం, పంజెట్టి, మీంజూరు బావుల నుంచి దశాబ్దాలుగా నీళ్ళు తోడుకుంది. కరువు ఏళ్ళలో రైతుల బావుల నీళ్ళను కొని ట్యాంకర్లలో తరలించింది. 2019 వేసవిలో నగర జలాశయాలు నాలుగూ అడుగంటినప్పుడు మీ ఆఫీసులు ఎలా తల్లడిల్లాయో మీకే తెలుసు. 2015లోను, 2021లోను వానలు విరుచుకుపడి గేట్లు ఎత్తినప్పుడు, దిగువన ఏటి ఒడ్డు ఊళ్ళు రాత్రంతా ఎలా మేల్కొని ఉన్నాయో మాకు తెలుసు. నీళ్ళ దగ్గర మేము మీకు ఇంత దగ్గరివాళ్ళమే. గ్రాంట్ల దగ్గరికి వచ్చేసరికి ఇంత దూరపువాళ్ళం ఎలా అయ్యాం?

ఇక జీతాల మాట. మీ అధికారులు తరచూ చట్టాన్ని అడ్డం పెట్టుకుంటారు. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదని నిబంధన ఉంది కదా, అంటారు. ఆ నిబంధనను దయచేసి ఇంకోసారి చదవండి. 2021 జనవరిలో సవరించిన సీఎస్‌ఆర్ నియమాల్లో పరిపాలన ఖర్చు అంటే, ఆ వ్యవహారాలు చూసుకోవడానికి మీ కంపెనీలో మీరు పెట్టుకునే ఖర్చు. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, నడపడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని ఆ నిర్వచనంలోనే ఉంది. సాయంత్రం బడిలో టీచరు జీతం పరిపాలన ఖర్చు ఎలా అవుతుంది? ఆ టీచరే కదా బడి. ఆమెను తీసేస్తే మిగిలేది నాలుగు గోడలు, ఒక బల్బు.

ఒక్క ఏడాదికే ఇస్తామన్న మాట కూడా చట్టం చెప్పింది కాదు. కొనసాగే ప్రాజెక్టులకు, మొదలైన సంవత్సరం కాక మరో మూడు సంవత్సరాల దాకా గడువు పెట్టుకోవచ్చని అవే నియమాలు అంటున్నాయి. మార్చి 31న ముగియాలన్నది మీ సౌకర్యం. మీ సౌకర్యాన్ని మాకు చట్టంలా చదివి వినిపించడం న్యాయమేనా? పిల్లవాడి చదువు మార్చి 31న ముగియదు. బట్టీలు జోరుగా నడిచే రోజులు, పిల్లలు చేజారిపోయే రోజులు సరిగ్గా అవే.

వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఇప్పటికీ ఈ జిల్లాలో బట్టీ అడ్వాన్సు తీసుకున్న కుటుంబం, ఆ బాకీ తీరేదాకా పిల్లలతో సహా అక్కడే ఉండిపోయే పరిస్థితి పూర్తిగా పోలేదు. దాన్ని మొదట పసిగట్టేది ఎవరు? రోజూ హాజరు పిలిచే మనిషి. ఆ మనిషి ఉండాలి. ఈ ఏడూ ఉండాలి, వచ్చే ఏడూ ఉండాలి. ఇదంతా ఏ యంత్రం చేసిపెడుతుంది?

యంత్రాల మాట వచ్చింది కాబట్టి మా ఊరి అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ, పేరు చెప్పను, మా పక్క వీధిలో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు పెట్టింది. రిబ్బను కట్ చేశారు, ఫొటోలు తీసుకున్నారు, గోడ మీద పెద్ద అక్షరాలతో పేరు రాశారు. రెండో వేసవికి ఫిల్టరు పోయింది. మార్చడానికి డబ్బు అడిగితే, ఆ ప్రాజెక్టు నిరుడే ముగిసిందన్నారు. ఇప్పుడా షెడ్డులో ఎరువుల బస్తాలున్నాయి. గోడ మీద పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వీధి ఆడవాళ్ళు మళ్ళీ బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డారు. మీ వార్షిక నివేదికలో ఆ ప్లాంటు ఇంకా నీళ్ళిస్తూనే ఉంటుంది.

నిలబెట్టే ఖర్చు విలువ తెలిసిన దాతలు లేకపోలేదు. పూండితో ముడిపడిన పెద్ద విరాళాల్లో ఒకదాన్నే చూడండి. కృష్ణ నీళ్ళు 1996లో వచ్చాయన్న మాటే గాని, మట్టి కాలువలో ఇంకిపోయినవి, గట్లు కోసుకుపోయి వృథా అయినవి పోగా ఇక్కడికి చేరినవి కొన్నే. 2002లో సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ముందుకొచ్చి కండలేరు నుంచి పూండి వచ్చే కాలువను బాగుచేసే పని ఎత్తుకుంది. 2004 చివర్లో బాగైన కాలువలో నీళ్ళు పూండికి చేరాయి. కాలువ అప్పటికే ఉంది. నీళ్ళూ ఉన్నాయి. ఉన్నదాన్ని పనిచేసేలా నిలబెట్టడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. మా ఊళ్ళలోని చిన్న సంఘాలు కూడా అప్పటికే తవ్విన కాలువల్లాంటివే. నమ్మకం ఉంది, మనుషులున్నారు, ఏళ్ళ అనుభవం ఉంది. గట్లు కోసుకుపోకుండా చూసేవారు లేరు.

ఇక మీరు చెప్పిన 500 మంది లెక్క విషయం. ఈ పూండికి దూరం కాని తిరుత్తణిలో 1888లో ఒక పిల్లవాడు పుట్టాడు. తెలుగు మాట్లాడే ఇల్లు, చాలీచాలని ఆదాయం. చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం, బంధువు ఒకరు తాను చదివేసిన ఆ పుస్తకాలను అతనికి ఇవ్వడమే అంటారు. ఆ పిల్లవాడే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆనాటి స్కాలర్‌షిప్పుల కమిటీ కూడా, లబ్ధిదారు ఒక్కడే కాబట్టి పరిశీలించం అని ఉంటే? ప్రతి పిల్లవాడూ రాష్ట్రపతి కావాలని నేననను. బట్టీలో పుట్టిన ఆడపిల్ల పదో తరగతి పాసై నర్సుగా చేరితే, ఆ ఇంట్లో మూడు తరాల దారి మళ్ళుతుంది. దాన్ని మీరు ఒకటి అని లెక్క రాస్తారు. మా ఊళ్ళో అలా లెక్కపెట్టం.

భాష సంగతి చెప్పకుండా ఉండలేను. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పటం మీద గీత జరిగింది గాని ఇళ్ళల్లో మాట జరగలేదు. ఇప్పటికీ తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు ఎన్నో ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. తమిళం, తెలుగు రెండూ ఇక్కడ పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. మీ దరఖాస్తు ఈ రెండింటిలో ఏ భాషలోనూ ఉండదు. పాతిక పేజీల ఇంగ్లీషు, దానిలో ఇంగ్లీషు చదివినవాళ్ళకు కూడా కొరుకుడు పడని మాటలు. అది నింపడానికి నగరంలో మనిషిని పెట్టుకోగలిగిన సంస్థకే గ్రాంటు అందుతుంది. మా ఇద్దరమ్మాయిలను తమిళంలోనో తెలుగులోనో అడిగి చూడండి. ఏ పిల్ల ఏ నెలలో బడి మానేసే ప్రమాదం ఉందో, ఎవరి నాన్న ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో, ఎవరికి కళ్ళద్దాలు కావాలో కాగితం చూడకుండా చెబుతారు. ఆ తెలివిడిని మీరు ఏ పేజీలో పట్టిస్తారు?

మా దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయని కూడా మీకు తెలియాలి. విదేశాల నుంచి సాయం అందుకునే పెద్ద సంస్థలు ఒకప్పుడు అందులో కొంత భాగాన్ని ఊళ్ళలోని చిన్న సంఘాలకు అందించేవి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు, అలా ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు. ఆ విరాళాల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అంటే మా వంటి సంఘాలకు మిగిలింది ఇక్కడి డబ్బు, ఇక్కడి కంపెనీలు. మీ బాధ్యత చట్టం అంకె మారకుండానే పెరిగింది. మీ విధానాలు మాత్రం అప్పటివే.

మీ వైపు భయాన్ని నేను కొట్టిపారేయను. పేరుకు సంఘం పెట్టి డబ్బు మింగినవాళ్ళు ఉన్నారు. లెక్కలు రాయడం చేతకాక పాడుచేసుకున్న మంచివాళ్ళూ ఉన్నారు. చిన్న సంఘాన్ని నమ్మడం కష్టమేనని ఒప్పుకుంటాను. అయితే ఆ నమ్మకం కుదుర్చుకోవడానికి మా ఊళ్ళలో ఒక చోటు ముందే ఉంది. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభ జరుగుతుంది. ఈ మధ్య వాటికి మార్చి 22, నవంబరు 1 కూడా కలిపారు. మీరిచ్చిన ప్రతి రూపాయి లెక్కనూ అక్కడ మైకు పట్టుకుని చదువుతాం. టీచరు వచ్చిందో లేదో తల్లులే చెబుతారు. ఆరు వందల కళ్ళు చూసే ఆ ఆడిట్ కంటే గట్టి ఆడిట్ మీ దగ్గర ఉంటే చెప్పండి, దానికీ కూర్చుంటాం.

ఇప్పుడు, మేము మీ నుంచి కోరేవి.

మొదటిది, పూండి, తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్ళిపట్టు వంటి ఊళ్ళను మీ స్థానిక ప్రాంతంగా గుర్తించి మీ విధాన పత్రంలో పేర్లతో రాయండి. నీళ్ళిచ్చిన నేలను పక్కూరు అనకండి.

రెండోది, గ్రాంటు మూడేళ్ళకు ఇవ్వండి, అందులో మనుషుల జీతం ఉండనివ్వండి. ఇది ఎవరూ చేయనిదేమీ కాదు. 2021లో మన దేశంలోనే ఎడెల్‌గివ్ ఫౌండేషన్ చొరవతో గ్రో ఫండ్ మొదలై, క్షేత్రస్థాయిలో పనిచేసే 100 సంస్థలకు రెండేళ్ళపాటు, సంస్థ నిలబడటానికి అయ్యే ఖర్చుల కోసం సాయం చేసింది. అమెరికాలో మెకెంజీ స్కాట్ వందల కోట్ల డాలర్లను, ఎలా ఖర్చు పెట్టుకోవాలో సంస్థలకే వదిలేసి పంచిపెట్టారు.

మూడోది, దరఖాస్తును రెండు పేజీలకు కుదించి తమిళంలో, తెలుగులో పెట్టండి. రాయలేనివారు నోటితో చెబితే మీ మనిషి రాసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖలో, సీఎస్‌ఆర్-1 కింద రిజిస్ట్రేషన్లు లేనివారిని తలుపు దగ్గరే వెనక్కి పంపకండి. మీ అకౌంటెంట్లు రెండు శనివారాలు తిరువళ్లూరులో కూర్చుంటే ఎన్నో సంఘాల కాగితాలు తయారవుతాయి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఎవరికి వారు విడివిడిగా ఇచ్చే బదులు ఈ ప్రాంతానికి ఒక ఉమ్మడి నిధి ఏర్పాటు చేయండి. కంపెనీలు కలిసి పనిచేయడానికి సీఎస్‌ఆర్ నియమాలు అనుమతిస్తున్నాయి. 1914లో క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు ఇటువంటి ఆలోచనే చేశాడు. ఎప్పుడో పోయిన దాతలు రాసిపెట్టిన షరతుల కింద డబ్బు పనికిరాకుండా పడి ఉండటం చూసి, అందరి విరాళాలనూ ఒక్కచోట చేర్చి, ఈనాటి అవసరమేమిటో ఆ ఊరి పెద్దలే తేల్చే పద్ధతి పెట్టాడు. ప్రపంచంలో తొలి కమ్యూనిటీ ఫౌండేషన్‌గా దాన్నే చెబుతారు. మన దేశంలో 1991లో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు అదే దారిన మొదలైంది. ఒక మహానగరానికి ఉన్నది, ఇంకో మహానగరానికి నీళ్ళిచ్చే పల్లెలకు ఎందుకు ఉండకూడదు? ఆ నిధి కమిటీలో మీరు కూర్చోండి. మీ పక్కన ఒక మగ్గం నేసే మనిషికి, ఒక ఇరుళర్ మహిళకు, మహిళా సంఘం నడిపే ఒకామెకు, ఒక సర్కారు బడి టీచరుకు కుర్చీలు వేయండి. ఎవరికి ఇవ్వాలన్న చర్చలో వాళ్ళ మాటకు మీ మాటతో సమానమైన బరువు ఉండాలి.

పూండి వచ్చినప్పుడు జలాశయం చూసి వెళ్ళిపోకుండా ఇక్కడి ఊండ్రీశ్వరుడి గుడికి కూడా రండి. పాత గుడి తిరువెణ్‌పాక్కంలో ఉండేది. జలాశయం కట్టినప్పుడు ముంపులో పోతుందని దాన్ని ఇక్కడికి తరలించారు. చెన్నై కోసం మేము దేవుడి చేత కూడా ఇల్లు మార్పించాం. శివభక్తుడు సుందరమూర్తి నాయనారు తిరువొత్తియూరులో ఇచ్చిన మాట తప్పి చూపు పోగొట్టుకున్నాడు. తడుముకుంటూ ఆ పాత గుడికి వచ్చి మొరపెట్టుకుంటే శివుడు చూపు ఇవ్వలేదు, ఊతకోల ఇచ్చాడు. ఆ కోల పట్టుకునే ఆయన కంచి దాకా నడిచాడు. అక్కడ ఒక కన్ను వచ్చింది. తిరువారూరులో రెండో కన్ను వచ్చింది. పెద్దలు చెప్పే ఈ కథలో నాకు ఎప్పుడూ తట్టేది ఒకటే. చూపు తిరిగి వచ్చేదాకా ఆ కోలను ఎవరూ వెనక్కి అడగలేదు.

మేము మిమ్మల్ని అడుగుతున్నది ఆ కోలే. నడిచేది మేమే. కంచి ఎంత దూరమో మాకు తెలుసు. ఏడాది నడక కాదు.

మా ఇద్దరు టీచర్లలో ఒకమ్మాయికి ఈ మధ్య ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మా దగ్గర వచ్చేదానికి మూడింతల జీతం. వెళ్ళవద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పలేదు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఉంటానని తనంతట తానే అంది. ఆ తర్వాత సాయంత్రం ఆరింటికి ఆ పిల్లల ముందు ఎవరు నిలబడతారన్నది ఇప్పుడు మీరు చెప్పాలి.

వచ్చే గ్రామసభలో మా బడి లెక్కలు చదువుతాం. మీలో ఒక్కరైనా వచ్చి వినండి. కుర్చీ వేసి ఉంచుతాం.

ఇట్లు,
భవదీయులు,
పూండి దగ్గర సాయంత్రం బడి నడిపే ఒక రిటైర్డ్ తెలుగు టీచరు